పరిగెత్తుకొచ్చేవాళ్ళ వాటా

స్టోరు బాబాయి లెక్క ఏనాడూ సరిపోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగిన ఏడుపంతా అక్కడే మొదలైంది మరి.

ఆయన పనిచేసే కంపెనీ, ఇంట్లో మంచం పట్టినవాళ్ళు వాడుకునే యంత్రాలకి విడిభాగాలు అమ్ముతుంది. ఊపిరి అందనివాళ్ళకి పెట్టే ఆక్సిజన్ యంత్రం, కఫం లాగే యంత్రం, చక్రాల కుర్చీ, వీటిలో ఏ చిన్న ముక్క పాడైనా జనం ఇక్కడికే రావాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గోదాము తాళంచెవి ఆయన బెల్టుకే వేలాడుతోంది. మేనేజరు దగ్గర్నుంచి వాన్ డ్రైవరు దాకా అందరికీ ఆయన బాబాయే. సొంత కూతురు కూడా ఓసారి అందరిముందూ నోరు జారి "బాబాయ్" అని పిలిచేసి నాలుక్కరుచుకుంది. ఆ రోజు గోదాములో నవ్వని మనిషి లేడు.

ఆ కూతురికి ముప్పై నాలుగేళ్ళు. కళ్ళజోడు, భుజాన ల్యాప్‌టాప్ సంచీ, ఎవరితోనైనా నిదానంగా మాట్లాడే తీరు. నాన్నకి మాత్రం ఇంకా పాపాయే. ఆమె పని చిత్రమైనది. కంపెనీల లెక్కలన్నీ ఇప్పుడు క్లౌడు సాఫ్ట్‌వేరులో ఉంటున్నాయి కదా, ఆ సాఫ్ట్‌వేరుకీ కంపెనీ వెబ్‌సైటుకీ ముడివేసి పెట్టడం. ఒకరకంగా పెళ్ళిళ్ళ పేరయ్య పని. రెండు వైపులా బతిమాలాలి, రెండు వైపులా తిట్లు తినాలి.

నాన్న కంపెనీకి ఆ ముడి వేసే పని ఆమె చేతికే వచ్చింది. అంతకుముందు అక్కడి పద్ధతి చెప్తే నవ్వుతారు. సాయంత్రం ఐదింటికి బాబాయి రిజిస్టరు ముందేసుకుని ఫోనులో అంకెలు చదివేవాడు. పై అంతస్తులో ఒకావిడ వాటిని వెబ్‌సైటులో కొట్టేది. మర్నాడు ఐదింటి దాకా వెబ్‌సైటుకి అదే వేదం. పొద్దున్నే అమ్ముడైపోయిన సరుకుకి మధ్యాహ్నం డబ్బు కట్టినవాళ్ళు ఫోను చేసి దులిపేస్తుంటే ఆవిడ తలప్రాణం తోకకొచ్చేది. ఇకమీద అలా కాదు. అరలోంచి ముక్క కదలగానే స్కానరు కూస్తుంది, ఆ క్షణంలోనే వెబ్‌సైటులో అంకె మారుతుంది. అటు ఆర్డరు పడగానే ఇటు ప్యాకింగు బల్ల మీద చీటీ వస్తుంది. మధ్యలో మనిషి నోరు తెరవక్కర్లేదు.

"ఇంతకీ నా సరుకు లెక్క ఎక్కడ పెడతావే?" అని అడిగాడాయన, మొదటిరోజు బస్సులో.

"క్లౌడులో నాన్నా."

"అంటే మబ్బులోనా? మరి వానొస్తే?"

"వానొస్తే నీ గోదాము కారుతుంది, నా క్లౌడు కారదు."

ఆయన పక్క సీటాయన వైపు తిరిగి, "మా అమ్మాయి. మా కంపెనీకే వచ్చింది పనికి. నాకే పాఠం చెప్తోంది" అన్నాడు, నేరం చెప్తున్నట్టు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆ వారంలోనే కండక్టరు గారు వచ్చారు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ నేల మీద నిలబడ్డా కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, బ్రేకు పడుతుందేమో అన్నట్టు నిలబడతారు. ఆయన భార్యకి ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగేళ్ళుగా ఆక్సిజన్ యంత్రం మీదే బతుకు. ఆ యంత్రం ఎంత పాతదంటే, దాన్ని చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. ఏడెనిమిది నెలలకోసారి దాని వాల్వు సెట్టు అరిగిపోతుంది, ఆయన ఇక్కడికి వస్తారు.

"డాక్టరు ఏడాది అన్నాడు అన్నగారూ, అదీ గట్టిగా అన్లేదు" అన్నారు కండక్టరు గారు, కౌంటరు మీద మోచేతులు ఆనించి. "ఆవిడ మాత్రం నాచేత ఒట్టు వేయించుకుంది. ఏమైనా సరే ఆసుపత్రికి పంపొద్దంది. ఆ కిటికీ దగ్గర కుర్చీలోంచి కదలదు. కింద బస్సులు పోతుంటే నన్ను సాధిస్తుంది. 'మీ నంబరు బస్సు పది నిమిషాలు లేటండీ, మీరు దిగిపోయాక డిపో పరువు పోయింది' అంటుంది. ఊపిరి అందదు గానీ వెటకారానికి లోటు లేదు."

బాబాయి నవ్వి, "మా చెల్లెమ్మ మాట నిజమేగా" అన్నాడు.

కూతురు పక్కనే కూర్చుని ల్యాప్‌టాపులో రిజిస్టరు లెక్కలు ఎక్కిస్తోంది. వాల్వు సెట్టు దగ్గర రిజిస్టరులో సున్నా ఉంది. ఆ మాట అనబోయేలోగా బాబాయి బుగ్గ గోక్కుంటూ, "లోపలెక్కడో ఒకటున్నట్టు గుర్తు, చూసొస్తానుండండి" అంటూ లేచాడు. రెండు నిమిషాల్లో కాగితంలో చుట్టిన సెట్టు పట్టుకొచ్చి, "ఇదిగోనండోయ్, దొరికింది! ఎక్కడో మూల పడుంది" అన్నాడు.

"నేనున్నన్నాళ్ళూ మీదొకటి ఇక్కడుంటుంది. నాదీ మాట" అని కూడా అన్నాడు. కండక్టరు గారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళారు.

కూతురి గుండెల్లో రాయి పడింది. సున్నా అని తన చేత్తోనే రాసుకున్నాడు, మళ్ళీ లోపలికెళ్ళి తెచ్చాడు. ఎక్కడ పెట్టాడో గుర్తులేదంటున్నాడు.

ఆమె భయానికి కారణముంది. పెదనాన్న పెద్ద పేరున్న దర్జీ. ఆయనకి మతిమరుపు ఇలాగే మొదలైంది. ముందు కొలతలు తప్పాడు. తర్వాత వస్తువులు దాచడం మొదలుపెట్టాడు. కత్తెర బియ్యం డబ్బాలో దొరికేది, కళ్ళజోడు చెప్పులో దొరికేది. ఆఖరికి తనింటి ముందే నిలబడి, ఈ ఇల్లెవరిదని దారినపోయేవాళ్ళని అడిగేవాడు. నాన్న అన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం ఆమె కళ్ళారా చూసింది. నాన్నకీ అదే వస్తుందేమోనని అప్పట్నించీ ఆమెకి లోపల ఒకటే బెంగ.

గురువారం ఆమె నలభై రకాల సరుకు తీసుకుని, రిజిస్టరునీ అరల్నీ కొనుగోలు, అమ్మకం బిల్లులతో పోల్చి చూసింది. పదమూడింట్లో తేడా. ఒకచోట రెండు, ఒకచోట ఒకటి, మరోచోట మూడు. అన్నిట్లోనూ వచ్చిన సరుకులోంచి పోయిన సరుకు తీసేస్తే మిగలాల్సిన ముక్కలు రిజిస్టరులో లేవు, అరలోనూ లేవు. మరెక్కడున్నట్టు?

మేనేజరమ్మ చెడ్డ మనిషి కాదు. కానీ పని మొదలుపెట్టిన రోజే గదిలోకి పిలిచి చెప్పింది. "చూడమ్మా, మీ నాన్నగారని మొహమాటపడకు. బాబాయికి వయసు మీదపడింది. లెక్క బాగా తప్పుతోందని నీకనిపిస్తే నాకు చెప్పెయ్యి. గౌరవంగానే పంపించేద్దాం, దండ వేసి."

దండ వేసి పంపిస్తారట! గోదాము తాళంచెవి లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో కూతురికి తెలుసు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంటేనే కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడు. ఆమె ఆ పదమూడు తేడాల సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్ననీ అడగలేదు. అడిగితే ఆయన తెల్లమొహం వేస్తాడేమోనని భయం. ఆ తెల్లమొహం పెదనాన్న దగ్గర చూసింది, మళ్ళీ చూసే ధైర్యం లేదు.

ఒక చిన్న మోసం చేసింది. శనివారం నాన్నకి కళ్ళ డాక్టరు దగ్గర సమయం తీసుకుంది. "నాకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయే" అని ఆయన గొణిగాడు. "స్కానరు మీద అక్షరాలు చిన్నవి నాన్నా" అంది. సరేనని తాళంచెవి ఆమెకిచ్చి వెళ్ళాడు. ఆమె ఒక్కతే గోదాము తెరిచింది.

అడుగు అరలో, ఖాళీ అట్టపెట్టెల వెనక, నాలుగు పాత బిస్కెట్ డబ్బాలు కనిపించాయి. మూత తీస్తే లోపల పాత పేపర్లలో చుట్టిన ముక్కలు. వాల్వు సెట్లు రెండు, గొట్టాల కీళ్ళు, ఫిల్టర్లు, చక్రాల కుర్చీ బేరింగులు. లెక్కకి తేలనివన్నీ అక్కడే ఉన్నాయి. డబ్బా మీద పేరు లేదు, చీటీ లేదు.

బియ్యం డబ్బాలో కత్తెర గుర్తొచ్చింది. ఆమె అక్కడే సిమెంటు నేల మీద కూలబడి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత లేచి, మొహం కడుక్కుని, ఒక్కో ముక్కనీ పేపరు విప్పి, తుడిచి, దాని అరలో పెట్టింది. ఒక్కో ముక్కకీ స్కానరు కూత పెట్టింది. సాయంత్రానికి నాలుగొందల రకాలకీ లెక్క సరిపోయింది. ఖాళీ డబ్బాలు పారేయబుద్ధి కాలేదు. మూతలు పెట్టి, ఉన్నచోటే ఉంచింది. నాన్న పరువు కాపాడాననుకుంది పిచ్చిపిల్ల. గుట్టుచప్పుడు కాకుండా కాపాడాననుకుంది.

సోమవారం ఎనిమిదిన్నరకి ముడి పడింది. అందరూ ఆమె కుర్చీ వెనక చేరారు. తెర మీద ఒక మూల "తేడా: 0" అని పచ్చగా వచ్చింది. మేనేజరమ్మ చప్పట్లు కొట్టింది. కూతురు ఫోను తీసి దానికి ఫొటో తీసుకుంది కూడా. బాబాయి కొత్త కళ్ళజోడు సర్దుకుంటూ, "మా మబ్బు బాగానే ఉందే" అన్నాడు.

తొమ్మిదీ పన్నెండుకి టింగుమని ఆర్డరు పడింది. ఎక్కడో దూరపు ఊళ్ళో పాత విడిభాగాలు కొని పెట్టుకునే దుకాణం. వాల్వు సెట్లు రెండు. చీటీ నేరుగా ప్యాకింగు అక్క బల్ల మీదికి వచ్చింది. ఆవిడ చీటీలో ఉన్న అర చూసి తీసింది, పెట్టెలో పెట్టింది, టేపు వేసింది. బాబాయి అటువైపు కొత్త స్కానరుతో కుస్తీ పడుతున్నాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. అడగక్కర్లేకుండా చేయడమే కదా ఆ పనంతా. పదకొండుకి కొరియరు వాన్ వచ్చి ఎత్తుకుపోయింది.

పదకొండూ నలభైకి కండక్టరు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు.

చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. చేతి రుమాల్లో మాడిపోయిన వాల్వు. "రాత్రి కరెంటు ఎగిరి దిగి, మొన్న వేసిన వాల్వు మాడిపోయింది అన్నగారూ. పొద్దున్నించీ యంత్రంలో గాలి రావట్లేదు. చిన్న సిలిండరు పెట్టొచ్చాను. మూడు గంటలొస్తుంది, అంతే. పక్కింటావిడ కూర్చుంది."

"కంగారు పడకండి. లోపలెక్కడో ఒకటున్నట్టు గుర్తు" అంటూ బాబాయి లేచాడు.

కూతురు చెవులు అటే ఉన్నాయి. ఆయన ఎక్కడా ఆగలేదు. వెతకలేదు. సరాసరి అడుగు అర దగ్గరికి నడిచాడు. అట్టపెట్టెలు జరిగిన చప్పుడు. డబ్బా మూత తీసిన చప్పుడు. ఒకటి. రెండోది. మూడోది. నాలుగోది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

మతి పోయినవాడు అలా నడవడు. ఎక్కడ పెట్టాడో ఆయనకి ఎప్పుడూ తెలుసు. ఆ సంగతి అప్పుడు అర్థమైంది ఆమెకి.

బాబాయి ఖాళీ డబ్బా పట్టుకునే బయటికొచ్చాడు. "పాపాయీ, దీన్లోవి..."

"నేనే తీశాను నాన్నా. అరల్లో పెట్టాను."

"వాల్వు సెట్లు?"

ఆమె తెర వైపు చూసింది. చూడక్కర్లేకపోయినా చూసింది. "పోయాయి నాన్నా. ఇందాకే. వాన్‌లో."

కండక్టరు గారు ఆమె వంకా ఆయన వంకా చూశారు. "లేదా అన్నగారూ?" అన్నారు మెల్లగా. ముప్పై ఒక్క ఏళ్ళలో బాబాయి అంత చిన్నగా అయిపోవడం ఎవరూ చూడలేదు.

ఆమె కొరియరుకి ఫోను చేసింది. వాన్ సరుకంతా అప్పటికే లారీకి ఎక్కించారు, సీలు వేశారు, కొన్నవాళ్ళు ఒప్పుకోందే విప్పరు. కొన్న దుకాణానికి చేసింది. అక్కడెవరో తాపీగా, "మాకేం తొందర్లేదండీ, ఊరికే స్టాకుకి తీసుకున్నాం, అందగానే వెనక్కి పంపిస్తాం, ఓ అయిదారు రోజులు పడుతుంది" అన్నాడు. ఊరికే స్టాకుకట! ఆమెకి ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కానీ అతని తప్పేముంది?

బాబాయి పెద్ద సిలిండరు ఎత్తించుకుని కండక్టరు గారితో వెళ్ళాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నలుగురు మోశారు. డాక్టరు ఫోనులో వినగానే, ఈ పరిస్థితిలో సిలిండర్లతో ఇంట్లో ఉంచడం కుదరదన్నాడు. కొత్త యంత్రం చెప్తే పదిహేను రోజులు పడుతుందన్నారు. సాయంత్రం నాలుగింటికి ఆవిణ్ణి కుర్చీతో సహా మెట్ల మీంచి దించారు. కిటికీ వైపు చూపించి ఏదో అనబోయిందట, ముక్కుకున్న గొట్టం వల్ల మాట వినపడలేదు. ఒట్టు వేసిన మనిషే అంబులెన్సు తలుపు మూశాడు.

ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు బస్‌స్టాపులో కూర్చున్నారు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఇద్దరూ లేవలేదు.

"నాకు చెప్పొచ్చు కదా నాన్నా" అంది చివరికి.

"ఏమని చెప్పను? లెక్క దాస్తున్నానని చెప్తే నువ్వూ దాయాలి. నీ ఉద్యోగమే లెక్క సరిచెయ్యడం. నా అబద్ధం నాతోనే పోనీలే అనుకున్నాను." ఆమె వైపు తిరిగాడు. "మరి నువ్వు నన్ను అడగొచ్చు కదే?"

"పెదనాన్న కత్తెర... బియ్యం డబ్బాలో... నీకూ అలాగే అయిందనుకున్నాను నాన్నా. నిన్ను తీసేస్తారని భయపడ్డాను. అడిగితే నిజమని తేలుతుందేమోనని..."

ఆయన ఆమె మొహంలోకి చూసి నవ్వబోయాడు. "నాకు మతి పోయిందనుకున్నావుటే!" ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కొత్త కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళ కిందట ఒకాయన ఇలాగే వచ్చాడమ్మా. ఆఖరి ముక్క గంట ముందే ఓ దుకాణానికి పంపేశాను. లేదండీ అన్నాను. ఆయన ఇంకోమాట అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత ఏమైందో నాకు తెలీదు. తెలుసుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఆ మర్నాటి నుంచీ కొత్త సరుకు దొరకని వాటిలో ఒకటో రెండో తీసి పక్కన పెట్టాకే లెక్క చెప్పేవాణ్ణి. ఫోనులో కొనేవాళ్ళు ఆగగలరు. పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఆగలేరు. అది వాళ్ళ వాటా."

మూడో బస్సు వచ్చింది. ఆయనే ఆమె సంచీ అందుకుని ఎక్కాడు.

మేనేజరమ్మ అడిగినప్పుడు బాబాయి ఒకటే మాట చెప్పాడు. పాత సరుకు మూల పడుంటే నేనే అరల్లో సర్దానన్నాడు. కూతురు నోరు తెరవబోతే కాలు తొక్కాడు. మేనేజరమ్మ సంతోషించింది. "చూశావా, బాబాయి కూడా దారిలో పడ్డాడు" అంది. ఆ మెచ్చుకోలు కూతురికి చెంపదెబ్బలా తగిలింది.

ఆసుపత్రిలో ఆవిడకి దొరికింది గోడవారగా మంచం. కిటికీ లేదు. తండ్రీ కూతుళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు కండక్టరు గారు వరండా చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మంచం పక్కన ఒంగి చెప్తున్నారు. "వచ్చిందే మన నంబరు. ఆరు నిమిషాలు లేటు." ఆవిడ కళ్ళు మూసుకునే పెదవి విరిచింది. కూతురు నీళ్ళ కోసం వరండా చివరికి వెళ్ళి చూసింది. అక్కడి కిటికీలోంచి కనిపించేది ఆసుపత్రి వెనక గోడ, నీళ్ళ ట్యాంకు. బస్సు కాదు కదా, రోడ్డే లేదు. ఆమె నీళ్ళు తీసుకోకుండానే తిరిగొచ్చింది.

ఆరో రోజున వాల్వు సెట్లు వెనక్కి వచ్చాయి. బాబాయి ఒకటి పట్టుకుని కండక్టరు గారి ఇంటికి పోయి, తనే యంత్రం విప్పి బిగించాడు. కూతురు పక్కన టార్చి పట్టుకుంది. మీట నొక్కగానే యంత్రం చక్కగా గుర్రుమంది. గొట్టం చివర వేలు పెట్టి చూశాడు. గాలి హాయిగా వస్తోంది. ఎదురుగా కిటికీ దగ్గర, ఆవిడ కుర్చీ ఉండే చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. కింద బస్సు వెళ్ళింది. ఆయన చాలాసేపు యంత్రాన్ని ఆపలేదు.

ఆవిణ్ణి పంపడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇన్‌ఫెక్షను సోకిందన్నారు. పదకొండో రోజు పొద్దున పోయింది. ఎలాగూ ఎక్కువ కాలం బతకదని అందరికీ తెలుసు. అయితే మాత్రం? ఆవిడ అడిగింది బతికించమని కాదు కదా, కిటికీ దగ్గర ఉండనివ్వమని.

ఈలోగా కూతురు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మేనేజరమ్మని ఒప్పించి సాఫ్ట్‌వేరులో కొత్త గడి ఒకటి పెట్టించింది. అందులో ఎన్ని వేస్తే అన్ని ముక్కలు గోదాములోనే ఉంటాయి, వెబ్‌సైటుకి కనపడవు. దాచక్కర్లేదు, అబద్ధం అక్కర్లేదు. నాన్నకి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"ఎవరి కోసం అని అడుగుతోందే ఇది?"

"ఎవరికోసం ఆపుతున్నామో పేరు రాయాలి నాన్నా. ఎప్పటిదాకానో తారీకు కూడా."

"పరిగెత్తుకొచ్చేవాళ్ళు ముందు కబురు చేసి రారు కదమ్మా. ఎవరి పేరు రాయను?"

ఆమె రెండు రోజులు కూర్చుని పేరూ తారీకూ తీసేయించింది. అంకె ఒక్కటి వేస్తే చాలు. మళ్ళీ చూపించింది. సరిగ్గా అప్పుడే కండక్టరు గారు యంత్రాన్ని ఆటోలో వేసుకుని వచ్చారు. నెల రోజులైంది. మనిషి సగమయ్యారు.

"ఇంట్లో దీని చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదు అన్నగారూ. ఊరికే నడిపిస్తే కరెంటు దండగని ఆవిడే తిట్టేది" అని నవ్వబోయారు. "మీరు వేసిన వాల్వు కొత్తదే. తీసి ఉంచండి. ఎవరైనా వస్తే పనికొస్తుంది."

కూతురి మీద ఆయనకి కోపం లేదు. పోనీ ఉన్నా బాగుండేది. వెళ్తూ వెళ్తూ ఆమె తల మీద చెయ్యి వేసి, "నీ తప్పు కాదు తల్లీ" అన్నారు. ఆ చెయ్యి బరువు ఆమెకి ఇప్పటికీ ఉంది.

బాబాయి యంత్రం విప్పి వాల్వు సెట్టు తీసి, తుడిచి, స్కానరు కింద పెట్టాడు. కూత వచ్చింది. కూతురు ఆ కొత్త గడి తెరిచి, "ఒకటి వెయ్యి నాన్నా" అంది. బతిమాలుతున్నట్టు అంది.

ఆయన వెయ్యలేదు. ముక్కని మామూలు అరలో పెట్టాడు. "నేనున్నన్నాళ్ళూ మీదొకటి ఇక్కడుంటుందని చెప్పానమ్మా ఆయనకి. ఇంక ఎవరికీ ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. నీ మబ్బు లెక్కే కానీ" అన్నాడు. కోపంగా అన్లేదు. వేడుకున్నా మార్చుకోలేదు. ఆ సెట్టు రెండో రోజే ఎవరికో అమ్ముడైపోయింది.

ఆ తర్వాత కూడా ప్రతి నెలా మొదటి శనివారం ఆమె గోదాముకి వెళ్ళి లెక్క చూస్తుంది. నిజానికి చూడక్కర్లేదు, అంతా తెర మీదే తెలుస్తుంది. అయినా వెళ్తుంది. అరలన్నీ అయ్యాక, నాన్న టీ తాగడానికి వెళ్ళినప్పుడు, ఒంగి ఖాళీ అట్టపెట్టెలు జరిపి, ఆ నాలుగు బిస్కెట్ డబ్బాల మూతలూ తీసి చూస్తుంది. ఒక్కటంటే ఒక్క ముక్క, పేపర్లో చుట్టి, లెక్కకి రానిది దొరక్కపోతుందా అని.

మూతలు పెట్టి, మళ్ళీ కుర్చీలోకి వచ్చి తెర చూస్తుంది. తేడా సున్నా.